యమునాబాయి పేరు కింద పదకొండు పనులు

నీలం నగర్, షోలాపూర్
ఫిబ్రవరి 16, సోమవారం

మా ఋతుజకు, నీ బాపమ్మ అంబుబాయి మనసారా దీవించి రాసేది.

ముందు నీ సంగతి చెప్పు. కుర్చీలో కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తున్నదని రాశావు. నువ్వుల నూనె కాచి రాసుకున్నావా, లేక చూద్దాంలే అని వదిలేశావా? వేళకు తింటున్నావా? మీ అమ్మమ్మ యమునాబాయి కన్ను ఎట్లా ఉంది? ఎరుపు పోయిందా, నీరు కారడం ఆగిందా, రెండో కంటి ఆపరేషనుకు డాక్టరు మళ్ళీ తారీఖు చెప్పాడా? ఆమె మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి, షుగరు ఎంత ఉంది? అన్నీ రాయి. నేను ఆమె గురించి ఇన్ని అడగడం నీకు వింతగా ఉండవచ్చు. ఎందుకు అడుగుతున్నానో ఈ ఉత్తరం చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాము. సాంచాల మీద నేసేటప్పుడు లేచే దూది దుమ్ముకు మీ నాన్న వినాయక్‌కు దగ్గు పట్టింది. అల్లం రసం ఇస్తే తాగినట్టు చేసి మోరీలో పోస్తున్నాడు. మీ అమ్మ సారిక బాగుంది, బీడీలకు ఈసారి మంచి ఆకు దొరికిందని సంతోషంగా ఉంది. నాకే అన్నం సహించడం లేదు. నిన్న కంచం ముందు మీ నాన్న పట్టుకున్నాడు.

"ఏమైందే అమ్మా? రెండు వారాలసంది పిట్టలెక్క కొరుకుతున్నవ్. డాక్టర్‌కు చూపియ్యాల్నా?"

"నాకేం రోగంరా? మీ సాంచాల చప్పుడుకు ఆకలి చచ్చింది."

"నలభై ఏండ్లసంది చావంది ఇప్పుడు చచ్చిందా?" అని నవ్వి, తన జొన్నరొట్టె సగం తుంచి నా కంచంలో వేశాడు. నేను దాన్ని కొంగులో చుట్టి తరువాత మేకకు పెట్టాను.

నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు, నేను తీయలేదు. కోపం వచ్చి కాదు బిడ్డా. నువ్వు "హలో బాపమ్మా" అనగానే నా గొంతు నన్ను పట్టిస్తుంది. కాగితం మీద అయితే ఆగి, కొంచెం గాలి పీల్చుకుని రాయవచ్చు. మూడో తరగతి దాకా నేర్చిన అక్షరాలు నావి. నీ మరాఠీ బడిలో ఈ తెలుగు అక్షరాలు లేవని బీడీల చాట తిరగేసి దాని మీద సుద్దతో నీకు దిద్దించింది నేను. ఆ లెక్కన నీ మొదటి పంతులమ్మను నేనే. ఇంకెవరూ కాదు.

ఇక నీ ఉత్తరంలోని ప్రశ్నలు. మోకాలి నొప్పికి నువ్వు పంపిన గుడ్డ పట్టీ కట్టుకున్నాను, దురద పెడితే తీసేశాను. దానికి బెంగ పెట్టుకోకు.

నీ పని నాకు అర్థమైందా అని అడిగావు. అర్థమైంది. నీ కంపెనీవాళ్ళు అమ్మేది ఎవరు ఏ పని ఏ రోజు చెయ్యాలో రాసిపెట్టే పట్టీ. ఇదివరకు మనుషులు వేలితో నొక్కి పనులు రాసేవాళ్ళు, కొట్టేసేవాళ్ళు. ఇప్పుడు ఏజెంటు అనే కంటికి కనబడని గుమాస్తా ఒకడు వచ్చాడు. నోటితో చెబితే వాడే రాస్తాడు, వాడే కొట్టేస్తాడు. వాడి చేతికి ఇచ్చిన పనిముట్లలో ఒకటి పనిని తీసేసేది. దాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, వాడేముందు ఏం అడగాలి అని వాడికి బోధపడేటట్టు రాసే కాగితం నీది. గుమాస్తాకు బుద్ధులు చెప్పే కాగితం అన్నమాట. నిన్ను ఇంజనీరు అంటే వాడకట్టులో అందరూ తల ఊపుతారు కానీ, నేను మాత్రం "మా పిల్ల మిషన్లకు బుద్ధి చెబుతది" అంటాను. అప్పుడు నిజంగా వింటారు.

నీ మూడో ప్రశ్నకు జవాబు రాస్తాను. కొంచెం ఆగు. ముందు నువ్వు రాసింది నాకు సరిగా తెలిసిందో లేదో చూసుకోనీ.

నీ కంపెనీదే వాడి నువ్వు పెట్టిన మన ఇంటి పనుల పట్టీలోంచి మీ అమ్మమ్మ కంటి పనులన్నీ మాయమయ్యాయి. చుక్కల వేళకు ఫోన్ గంట కొట్టలేదు. చదువు రాని మనిషి, గంట కొట్టలేదు కాబట్టి చుక్కలు మానెయ్యమన్నారేమో అనుకున్నది. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి, ఆమే వేసుకుని ఉంటుంది అనుకున్నావు. మూడు రోజులకు కన్ను నిప్పు ముద్ద అయింది. ఇంకో రెండు రోజులు గడిచి ఉంటే అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు. ఎవరూ అడగకుండానే ఏజెంటు పనులు తీసేసిందని, ఆ పనిముట్టు తయారుచేసిన అమోల్ మీద నువ్వు పెద్దసారుకు రాసి ఇచ్చావు. అమోల్ పట్టీ తెరిచి "ఇక్కడ నీ పేరు మీదే అడిగినట్టు ఉంది" అని చూపిస్తే, "నేను అబద్ధం ఆడుతున్నానా" అని అతనితో మాట మానేశావు. వచ్చే సోమవారం మీటింగులో అతని చేతిలోంచి ఆ పని తీసేసుకుంటారు. నీ కాగితం కూడా ఆగిపోయింది. ఇదే కదా?

ఈ అమోల్ నీకు ఆఫీసులో మొదటి ఏడాది తన డబ్బాలోంచి జొన్న భాకరీ పెట్టినవాడే కదా. అవును, అతనే.

ఇప్పుడు నా కడుపులోది రాస్తాను. సిగ్గుగానే ఉంది.

మీ అమ్మమ్మ కంటి ఆపరేషనుకని పూణె వచ్చి నీ గదిలో ఉండబోతున్నదని తెలిసినప్పుడే నాకు కంటగింపు అయింది. ఇక్కడే హోట్గి రోడ్డులో ఆమె కొడుకు ఇల్లు ఉంది, లిఫ్టు ఉంది, కోడలు ఉంది. అయినా నీ దగ్గరికే ఎందుకు? పూణెలో మంచి డాక్టరు ఉన్నాడన్నారు. సరే. నువ్వు పుట్టినప్పుడు ఇరవై ఒకటో రోజున వెండి గిన్నె ఇచ్చి వెళ్ళింది ఆమె. నీ ఊయల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, వేలు ఆడిస్తూ బీడీలు చుట్టింది నేను. ఇప్పటికీ ఆ వేలి మీద చర్మం గట్టిగానే ఉంది. గిన్నెను నువ్వు అల్మారాలో పెట్టావు. వేలిని ఎక్కడ పెడతావు?

ఆపరేషను అయిన మూడో రోజు ఆమె నాకు ఫోన్ చేసింది.

"వదినె, మా ఋతుజ బంగారం వదినె! పొద్దుగాల్నే లేసి వేడినీళ్ళు పెడుతది, చుక్కలేస్తది, తల దువ్వుతది. ఇగ సూడు, ఆఫీసు కాగితంల నా మాట రాసిందంట!"

"ఏం మాట?"

"'తీసేముందు అడగాలె' అని ఊకెనే అన్న. గదే రాసింది. 'అమ్మమ్మ, నువ్వు మస్తు చెప్పినవ్' అన్నది."

మా ఋతుజ అట! తీసేముందు అడగాలట! అది తెలియనివాళ్ళు ఎవరే? చాటలోంచి ఉల్లిగడ్డ తీసేముందు కూడా అడుగుతాం. ఫోన్ పెట్టేసి ఆ రోజంతా చుట్టిన బీడీల్లో సగం వదులుగా వచ్చాయి.

నువ్వు సంక్రాంతికి ముందు వచ్చినప్పుడు నా ఫోన్‌లో ఆ పట్టీ పెట్టి ఇచ్చావు గుర్తుందా? "బాపమ్మా, నీకు అర్థమైతే లోకానికంతా అర్థమైనట్టే, తెలుగులో మాట్లాడు, అది వింటది" అన్నావు. తొందరలో ఉన్నావు, నాకు వేరే పేరు పెట్టలేదు, నీ పేరు మీదనే తెరిచి ఇచ్చావు. జనవరి ఇరవై తొమ్మిదో తారీఖు, గురువారం మధ్యాహ్నం, మీ అమ్మ బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయింది. నేను ఒక్కదాన్నే పట్టీ తెరిచాను. అందరి పేర్లూ ఉన్నాయి. మీ నాన్న పేరు కింద మూడు పనులు. మీ అమ్మ పేరు కింద రెండు. 'యమునాబాయి కళ్ళు' అని రాసి దాని కింద పదకొండు. నా పేరు కింద ఒక్కటి. 'బాపమ్మకు ఫోన్, ఆదివారం.'

ఒక్కటి, ఋతుజా.

నా కళ్ళలోనూ పొర ఉంది. సూదిలో దారం మీ అమ్మే ఎక్కిస్తుంది. నేను చెప్పలేదు, మీరు అడగలేదు. దీనికి నువ్వు ఇప్పుడు పట్టీలో కొత్త పని రాయకు. ఆ క్షణం నా మనసులో ఏముందో చెబుతున్నాను, అంతే.

ఫోన్ దగ్గరికి నోరు పెట్టి, "యమునాబాయిది తీసెయ్" అన్నాను.

అది చాలా మర్యాదగా మాట్లాడింది. "ఋతుజ గారూ, 'యమునాబాయి కళ్ళు' అనే పనిని తొలగించమంటారా? దాని కింద పదకొండు ఉపపనులు ఉన్నాయి. అవి కూడా తొలగిపోతాయి. తిరిగి తీసుకురావడం కుదరదు."

నన్ను ఋతుజ గారూ అన్నది. నేను కాదనలేదు.

"ఆ, తీసెయ్."

"ఖాయమేనా?"

"ఖాయమే. ఎన్నిసార్లడుగుతవ్?"

"తొలగించాను. ఇంకేమైనా సహాయం కావాలా?"

వద్దన్నాను. ఫోన్ మూసి, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టాను. ఆ పూట ఒక్కటి కూడా వదులుగా రాలేదు. అది కూడా రాస్తున్నాను, దాచి లాభం లేదు.

నీ మూడో ప్రశ్న, "బాపమ్మా, అమ్మమ్మ పనులు పోయినప్పుడు నీ ఫోన్‌లో ఏమైనా కనిపించిందా" అని కదా. కనిపించింది. తీయించింది నేనే. ఏజెంటు తనంత తాను ఏదీ తీయలేదు. అమోల్ చూపించింది నిజం. నువ్వు చెప్పింది కూడా నిజమే. అబద్ధం నా దగ్గర ఉండిపోయింది.

నేను ఏమనుకున్నానో చెబుతాను, ఒప్పుకుంటావో లేదో నీ ఇష్టం. సాంచాల ఖానాలో పడుగు దారం చుట్టిన ప్రతి బీము మీద సేటు పేరుతో ఒక చిట్టీ కడతారు. చిట్టీ పీకేస్తే పేరు పోతుంది, బీము అక్కడే ఉంటుంది, మగ్గం నడుస్తూనే ఉంటుంది. నేను పీకుతున్నది చిట్టీ అనుకున్నాను. నీ పట్టీలో ఆమె పేరు కనబడకపోతే చాలు అనుకున్నాను. ఆ పేరు కిందనే చుక్కల గంటలు వేలాడుతున్నాయని, పేరుతోపాటు బీమూ దారాలూ అన్నీ ఊడిపోతాయని తెలియలేదు. కానీ పూర్తిగా తెలియక చేశానని మాత్రం అనను. పదకొండు పోతాయని అది చెప్పింది. నా చెవులు బాగానే ఉన్నాయి.

కన్ను ఎర్రబడ్డదని నీ ఫోన్ వచ్చినప్పుడే చెప్పవలసింది. "ఏజెంటు చేసింది బాపమ్మా" అని నువ్వు ఏడుస్తుంటే, నోరు లేనిదే కదా, దాని మీద పడితే ఎవరికి నష్టం అనుకున్నాను. దాని వెనుక ఒక మనిషి కొడుకు ఉన్నాడని నీ ఉత్తరం చదివాకనే తెలిసింది. పైగా మీ అమ్మమ్మ నాకు ఫోన్ చేసి ఓదార్చింది. "వదినె, పోరి మస్తు ఏడుస్తుంది, నువ్వు ఫికర్ జెయ్యకు, మిషన్లు గట్లనే" అన్నది. ఆమె తిట్టి ఉంటే నాకు ముద్ద దిగేది.

ఇంకొక మాట రాస్తాను. నా తప్పును దాని మీదికి నెట్టడానికి కాదు, నీ కాగితానికి పనికొస్తుందని. చెకర్ నర్సప్ప గుర్తున్నాడా? నా వెంట కార్ఖానాకు వచ్చి అతని బల్ల కింద ఆడుకునేదానివి. బీడీల్లో మంచీ చెడ్డా చూసి, చెడ్డవి తెంపేసేవాడు. కొత్తలో ఒకరోజు నా కట్టలు చూసి "పదకొండు ఖరాబున్నయి" అని తెంపబోయాడు. ఆడవాళ్ళందరం లేచాము.

"పదకొండంటే మాకేమెరుక? ఏది ఖరాబు, ఎందుకు ఖరాబు, ఒక్కొక్కటి సూపి తెంపు!"

"గట్లయితే పొద్దు గూకుతది అక్కా."

"గూకనియ్. తెంపినంక నువ్వు మల్ల అతికిస్తవా?"

ఆనాటి నుంచి బల్ల మీద వరసగా పెట్టి, "గిది ఆకు చినిగింది, గిది తంబాకు తక్కువ" అని చూపించి తెంపేవాడు. మధ్యలో మంచిది ఉంటే మేమే చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళం. నీ ఏజెంటు నాకు పదకొండు అని లెక్క చెప్పింది. పొద్దున కంటి చుక్కలు, మధ్యాహ్నం కంటి చుక్కలు, గురువారం డాక్టరు అని ఒక్కొక్కటి చదివి ఉంటే మొదటిదానికే నాలుక కరుచుకునేదాన్ని. కరుచుకునేదాన్నని అనుకుంటున్నాను. ప్రమాణం మాత్రం చెయ్యలేను.

కనుక 'తీసేముందు అడగాలి' అన్న మీ అమ్మమ్మ మాట ఉండనీ, మంచి మాటే. కానీ నన్ను అడిగింది కదా, అడిగినా తీయించాను కదా. అడిగితే చాలదు, పోయేవాటి పేర్లు చదివి వినిపించాలి, మాట్లాడేది ఎవరో కూడా తెలుసుకోవాలి అని రాయి. ఆమె మాట కిందనే రాయి. నా పేరు వద్దు. నీకు మరీ పెట్టాలనిపిస్తే నేనేం చెప్పగలను.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఈరోజు మంగళవారం.

పోస్టులో వెయ్యడానికి చెప్పులు వేసుకున్నాను. మీ అమ్మకు తెలియకుండా ఈ కాగితం గడప దాటడం నాకు సరిపడలేదు. నీ లెక్కన బాపమ్మ తప్పు చేసింది. ఆమె లెక్కన అత్త తన కన్నతల్లి కన్ను మీదికి తెచ్చింది. ఆమె కార్ఖానా నుంచి వచ్చేదాకా గడపలోనే కూర్చున్నాను.

"సారికా, ఇటు కూచో. చేతులు తర్వాత కడుగుదువు."

"ఏంది అత్తమ్మా, ఎవరన్నా పోయిండ్రా?"

"ఎవ్వరు పోలే. విను."

ఉత్తరం మొదటి నుంచి చదివాను. మేకకు పెట్టిన రొట్టె సంగతితో సహా. ఆమె కత్తెర తీసుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. నేను చదవడం అయిపోయినా కత్తిరిస్తూనే ఉంది.

"మా అమ్మ కన్ను పోతుంటే ఏం జేస్తుంటివి?"

నేను కాగితాలు సర్దుతూ కూర్చున్నాను.

"చెప్పు అత్తమ్మా. ఏం జేస్తుంటివి?"

"చస్తుంటి."

"నువ్వు చస్తే ఆమెకు కన్నొస్తదా?" కత్తెర కింద పెట్టింది. "ఈ ఇంట్లకచ్చి ముప్పై ఏండ్లాయె. ఆమె తెచ్చిన చీరకు వంక పెట్టినవ్, పంపిన లడ్డుకు వంక పెట్టినవ్. పడ్డ. గిది మటుకు పడ."

లేచి లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. నేను చెప్పులు విప్పలేదు, లేవలేదు. చివరికి వంటింట్లోంచే అన్నది.

"ఉత్తరంల రాస్తే కాదు. పోయి ఆమె ముందట కూచోని చెప్పు."

"పోత."

"ఆ అమోల్‌ను కూడా పిలిచి చెప్పు. మరాఠీల చెప్పు, మంచిగ తెలుస్తది."

"చెప్త."

"పోయినంక పది దినాలుండు. పోరి ఆఫీసుకు పోతే చుక్కలు ఏసేటోళ్ళు లేరు."

"నా చెయ్యి వణుకుతది గదనే."

"బీడీకి దారం చుట్టేటప్పుడు వణుకది. మా అమ్మ కంట్లనే వణుకుతదా?"

అప్పుడు ఏడ్చాను, దాచలేదు. ఆమె బయటికి రాలేదు కానీ, కొంచెంసేపటికి చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. నా ముఖం చూడకుండా పెట్టింది.

మీ నాన్నకు కూడా చెప్పాము. టికెట్టు తీశాడు. ఈపూట అల్లం రసం నా ఎదుటనే తాగాడు.

ఈ ఉత్తరం నీకు శుక్రవారం లోపల అందుతుంది. అందగానే అమోల్‌తో మాట్లాడు, సోమవారం దాకా ఆగకు. ఆదివారం అతన్ని ఇంటికి భోజనానికి పిలువు, చెప్పవలసింది నేను చెబుతాను. మీ పెద్దసారు ముందు చెప్పమన్నా వస్తాను, భయం ఉంది కానీ వస్తాను. మీ అమ్మమ్మకు మాత్రం ఇది చదివి వినిపించకు. అది నా నోటితోనే వినాలి. విన్నాక నన్ను పక్కన కూర్చోనివ్వకపోతే వరండాలో కూర్చుంటాను. చుక్కలు వెయ్యనిస్తే వేస్తాను.

పొద్దున హుతాత్మ రైలు బండిలో ఎక్కితే పదిన్నరకు పూణెలో దిగుతాను. నువ్వు స్టేషనుకు రావద్దు. అది ఆమె చుక్కల వేళ. అడ్రసు కాగితం మీద మరాఠీలో రాయించుకున్నాను, ఆటోవాడికి చూపించుకుంటూ నేనే వస్తాను. వచ్చేది ఆదివారం, ఫిబ్రవరి ఇరవై రెండో తారీఖు.

ఇట్లు,
నువ్వు ఏమన్నా పడటానికి సిద్ధంగా ఉన్న నీ బాపమ్మ,
అంబుబాయి